మెస్ కార్డు రీడరు నాలుగు నెలలకే ఎందుకు పోతోంది, ఏళ్ల తరబడి నిలిచేది ఎలా కట్టుకోవాలి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 900 మంది తినే కాలేజీ హాస్టల్ మెస్, ఒకే కౌంటరు, ఒకే స్వైప్ రీడరు. ఏది కొన్నా మూడున్నర, నాలుగు నెలల్లో చదవడం మానేస్తోంది. కార్డులు అందరి చేతుల్లో ఉన్నాయి కాబట్టి మాగ్నెటిక్ పద్ధతిని ఇప్పుడే వదల్లేరు. తక్కువ భాగాలతో, గట్టిగా ఉండే రీడరు సొంతంగా చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. ముందు ఒక చిన్న లెక్క. 900 మంది, పూటకోసారి, రోజుకు మూడు పూటలు: 2,700 స్వైపులు. చవక రీడర్లలో కార్డు గీతను తాకి చదివే భాగమైన హెడ్‌కు తయారీదారు రాసే ఆయుష్షు సాధారణంగా 3 లక్షల స్వైపులు. 3,00,000ని 2,700తో భాగిస్తే 111 రోజులు. మీ రీడర్లు చెడిపోవడం లేదు, అరిగిపోతున్నాయి. పైగా అయిదుగురిలో ఒకరు రెండోసారి గీకాల్సి వస్తే రోజుకు 3,240 స్వైపులు, ఆయుష్షు 92 రోజులకు పడిపోతుంది. కాబట్టి మొదటి గీకుడుకే చదవడం కూడా మన్నికలో భాగమే. 10 లక్షల స్వైపుల హెడ్లు విడిగా దొరుకుతాయి. అదే మెస్‌లో అవి ఏడాది వస్తాయి. రీడరు మొత్తాన్నీ పారేయకుండా హెడ్‌ను మాత్రం అయిదు నిమిషాల్లో మార్చుకునేలా కడితే మీ సమస్య సగానికి పైగా తీరినట్టే.

మోటారుతో కార్డును లోపలికి లాక్కునే రకం జోలికి వెళ్లకండి. రోలర్లు, బెల్టు, సెన్సర్లు అన్నీ మెస్ ఆవిరికీ నూనెకూ బలి అవుతాయి. కార్డు లోపలికి దూర్చి తీసే రకంలో అడుగు మూసి ఉంటుంది, అక్కడ చెత్త పేరుకుంటుంది. రెండు చివరలా తెరిచి ఉన్న గాడి, అందులో స్ప్రింగు మీద ఒక హెడ్, దాని వెనక ఒక చిన్న బోర్డు: ఇంతకంటే ఏమీ అక్కర్లేదు.

ఏ ట్రాకు చదవాలి? కార్డు వెనక ఉండే మాగ్నెటిక్ గీత మీద మూడు ట్రాకులు, అంటే సమాచారం రాసే మూడు వరసలు ఉంటాయి. మొదటిదానిలో అంగుళానికి 210 బిట్లు, రెండోదానిలో 75, మూడోదానిలో మళ్లీ 210. ఇప్పుడున్న రీడరును కంప్యూటరుకు తగిలించి నోట్‌ప్యాడ్ తెరిచి ఒక కార్డు గీకండి. ; గుర్తుతో మొదలయ్యే వరస కనిపిస్తే మీ నంబరు రెండో ట్రాకులో ఉన్నట్టు. % తో మొదలైతే అది మొదటి ట్రాకు. రెండోది ఉంటే ఆ ఒక్కటే చదవండి, మిగతావి మర్చిపోండి. కారణం మురికి. హెడ్‌కూ గీతకూ మధ్య దూరం పెరిగితే సిగ్నల్ పడిపోయే తీరుకు ఒక సూత్రం ఉంది: నష్టం డెసిబెల్స్‌లో 54.6 × (దూరం ÷ తరంగదైర్ఘ్యం). హెడ్ మీద 0.05 మి.మీ. జిడ్డు పేరుకుందనుకోండి. రెండో ట్రాకులో ఒక బిట్టు పొడవు 0.339 మి.మీ., వరసగా 1లు ఉన్నచోట తరంగదైర్ఘ్యం కూడా అంతే. నష్టం 8 డెసిబెల్స్, అంటే సిగ్నల్ 40 శాతం మిగులుతుంది. మొదటి ట్రాకులో బిట్టు 0.121 మి.మీ. మాత్రమే. అదే జిడ్డుకు నష్టం 22 డెసిబెల్స్ దాటుతుంది, మిగిలేది 7 శాతం. ఒకే జిడ్డు, ఒక ట్రాకు చదువుతుంది, ఇంకోటి చదవదు. మూడు ట్రాకుల రీడరు కొంటే ఎక్కువ సదుపాయం అనుకుంటారు గానీ మెస్‌కు అది దండగ.

ఇప్పుడు గాడి. కార్డు మందం 0.76 మి.మీ., పొడవు 85.6 మి.మీ. అంకెలు ఉబ్బెత్తుగా లేని కార్డులైతే గాడి వెడల్పు 1.2 మి.మీ. సరిగ్గా సరిపోతుంది. దాన్ని మిల్లింగ్ చేయించక్కర్లేదు. 6 మి.మీ. మందం డెల్రిన్ (గట్టి, నునుపైన ప్లాస్టిక్) పలకలు రెండు, ఒక్కోటి 120 మి.మీ. పొడవు, 40 మి.మీ. ఎత్తు తీసుకోండి. వాటి మధ్య అడుగున 18 గేజ్ స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీ, 15 మి.మీ. వెడల్పుది పెట్టి నాలుగైదు ఎం4 బోల్టులతో బిగించండి. 18 గేజ్ అంటే 1.2 మి.మీ. గాడి వెడల్పునూ గాడి అడుగునూ ఒకే ముక్క ఇచ్చేస్తుంది. ఆ పైన 25 మి.మీ. లోతు మిగులుతుంది, కార్డు నిటారుగా నిలవడానికి అది చాలు. బోల్టు రంధ్రాలు పట్టీకి సరిగ్గా మధ్య గీత మీద ఉండాలి. అలా ఉంటే ఒక అంచు అరిగాక పట్టీని తిరగేసి రెండో అంచు వాడుకోవచ్చు. పట్టీ అంచులను 600 నంబరు ఎమరీ కాగితంతో నునుపు చేయండి, లేకపోతే కార్డులను రంపంలా కోస్తుంది. పలకల రెండు చివర్లలో లోపలి అంచులను 5 మి.మీ. మేర ఏటవాలుగా చెక్కితే కార్డు తడుముకోకుండా దూరుతుంది.

స్టీలు అడుగు గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. ప్లాస్టిక్ అడుగు ఉన్న రీడర్లలో కార్డు అంచు రోజూ రుద్దుకుని అడుగులో కాలవ తవ్వుతుంది. కార్డు ఎంత కిందికి దిగితే ట్రాకు అంత కిందికి జరుగుతుంది. ట్రాకు వెడల్పు 2.8 మి.మీ., హెడ్ కోరు (హెడ్ మధ్యలో చదివే భాగం) 1.4 మి.మీ. అయితే రెండు వైపులా ఉన్న వెసులుబాటు 0.7 మి.మీ. మాత్రమే. కాలవ అంత లోతు పడ్డాక హెడ్ పక్క ట్రాకులోకి తొంగిచూడటం మొదలెడుతుంది. హెడ్ బాగానే ఉన్నా రీడరు పోయిందని పారేసేవాళ్లు ఎక్కువగా ఈ రకమే. 3డీ ప్రింటరుతో పీఎల్ఏ ప్లాస్టిక్ గాడి తీస్తే ఇంకా త్వరగా అరుగుతుంది, స్టవ్వు పక్కన పెడితే వంగుతుంది కూడా. నమూనాకు తప్ప వాడొద్దు.

రీడరును బల్ల మీద పడుకోబెట్టకండి. గోడకో స్తంభానికో నిలువుగా బిగించి, కార్డును పైనుంచి కిందికి లాగేలా పెట్టండి. బల్ల మీది గాడి నోరు తెరుచుకుని పైకి చూస్తుంటుంది, సాంబారు చుక్క దగ్గర్నుంచి మెతుకు దాకా అన్నీ అందులోనే. నిలువు గాడిలో పడ్డది కిందినుంచి బయటికి జారిపోతుంది. ఒక ఇబ్బంది లేకపోలేదు: కార్డును అడుగుకు ఆనించే పని బరువుకు బదులు చెయ్యి చేయాలి. గాడి పక్కన కార్డు బొమ్మ, బాణం గుర్తు అంటిస్తే రెండు రోజుల్లో అందరికీ అలవాటవుతుంది.

హెడ్ అమరిక. రెండో ట్రాకు మధ్య గీత కార్డు అంచు నుంచి 9.9 మి.మీ. ఎత్తులో ఉంటుంది. ఒక పలకలో ఆ ఎత్తున హెడ్ దూరేంత కిటికీ కోయండి. హెడ్‌ను 0.25 మి.మీ. స్టెయిన్‌లెస్ రేకు స్ప్రింగుకు అతికించి, రేకు రెండు చివరలనూ పలకకు స్క్రూలతో బిగించండి. రేకు పొడవు కార్డు కదిలే దిశలోనే ఉండాలి. అప్పుడు హెడ్ కార్డు వంపును బట్టి కాస్త ఊగగలదు గానీ పైకీ కిందికీ జరగదు. కార్డు లేనప్పుడు హెడ్ ముఖానికీ ఎదుటి గోడకూ మధ్య 0.3 మి.మీ. ఉంచండి. ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే సన్నని రేకుల కట్టతో) కొలవచ్చు. కార్డు దూరాక ఒత్తిడి 80 నుంచి 120 గ్రాముల మధ్య రావాలి. చిన్న స్ప్రింగు త్రాసు కొక్కేన్ని హెడ్‌కు తగిలించి వెనక్కి లాగండి, హెడ్ కార్డును వదిలిన క్షణంలో ముల్లు ఎక్కడుందో చూడండి. ఒత్తిడి పెంచితే బాగా చదువుతుందని రేకు వంచేవాళ్లున్నారు. వారం రోజులు చదువుతుంది కూడా, ఆ తర్వాత హెడ్డూ కార్డులూ కలిసి అరుగుతాయి.

హెడ్ గ్యాప్ (హెడ్ ముఖం మీది సన్నని చీలిక) కార్డు నడిచే దిశకు లంబంగా, అంటే 90 డిగ్రీల్లో ఉండాలి. ఒక డిగ్రీ వాలితే 1.4 మి.మీ. కోరు మీద సిగ్నల్ 0.024 మి.మీ. మేర అలుక్కుపోతుంది. రెండో ట్రాకులో అర బిట్టు 0.17 మి.మీ. కాబట్టి అది పెద్ద లెక్క కాదు, మొదటి ట్రాకులో అర బిట్టు 0.06 మి.మీ. కాబట్టి అక్కడ అది పట్టించుకోవాల్సిన వంతే. రెండో ట్రాకు ఒక్కటే చదవడంలో ఇది రెండో లాభం: చేత్తో, మూలమట్టంతో అమర్చినా సరిపోతుంది.

ఎలక్ట్రానిక్స్‌లో చాలామంది అవసరానికి మించి కడతారు. హెడ్ అంటే ఒక కాయిల్. కార్డు ఎంత వేగంగా కదిలితే అంత వోల్టేజీ ఇస్తుంది. ఆకలిగా ఉన్నవాడు సెకనుకు 100 సెం.మీ. వేగంతో గీకుతాడు, ఫోను చూస్తూ గీకేవాడు 10. అంటే సిగ్నల్ పదింతలు మారుతుంది. దీనికోసం గెయిన్‌ను (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచాలన్నదాన్ని) తనంతట తానే సర్దుకునే ఆటోమేటిక్ గెయిన్ సర్క్యూట్లు పెడతారు. అక్కర్లేదు. నెమ్మది స్వైపులో హెడ్ 2 మిల్లీవోల్టులు ఇస్తే వేగంగా గీకినప్పుడు 20 వస్తుంది. గెయిన్ సుమారు 50 పెడితే అవి 100 మిల్లీవోల్టులు, 1 వోల్టు అవుతాయి. 3.3 వోల్టుల సప్లైలో 1.65 చుట్టూ రెండూ ఇమిడిపోతాయి. 12 బిట్ల ఏడీసీలో (వోల్టేజీని అంకెగా మార్చే భాగంలో) ఒక మెట్టు 0.8 మిల్లీవోల్టులు, కాబట్టి చిన్న సిగ్నల్‌కు కూడా 120 మెట్లు దొరుకుతాయి. మీ హెడ్ ఇంతకంటే ఎక్కువ ఇచ్చేదైతే గెయిన్ ఆ నిష్పత్తిలో తగ్గించండి. శిఖరం కోసుకుపోతే అది ఎక్కడుందో తెలియదు.

ఒక ఎంసీపీ6002 చిప్ చాలు, అందులో రెండు ఆప్ ఆంపులు (సిగ్నల్‌ను పెంచే సర్క్యూట్లు) ఉంటాయి. ఒకదానితో 1.65 వోల్టుల బయాస్, అంటే సిగ్నల్ ఊగే మధ్య స్థాయి తయారు చేయండి: రెండు 10 కిలోఓమ్ రెసిస్టర్లు, మధ్యలో 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, తర్వాత బఫర్. హెడ్ ఒక కొన ఈ బయాస్‌కు, రెండో కొన రెండో ఆప్ ఆంప్ ప్లస్ ఇన్‌పుట్‌కు. ఫీడ్‌బ్యాక్‌లో 47 కిలోఓమ్, దానికి సమాంతరంగా 220 పికోఫారడ్. మైనస్ ఇన్‌పుట్ నుంచి 1 కిలోఓమ్, 4.7 మైక్రోఫారడ్ వరసగా గ్రౌండుకు. గెయిన్ 48 వస్తుంది. ఆ 4.7 మైక్రోఫారడ్ లేకుండా 1 కిలోఓమ్ నేరుగా గ్రౌండుకు వెళ్తే చిప్ సొంత ఆఫ్‌సెట్ కూడా 48 రెట్లవుతుంది, బయాసే సప్లైని దాటిపోతుంది. చిప్ బ్యాండ్‌విడ్త్ 1 మెగాహెర్ట్జ్, గెయిన్ 48 దగ్గర 20 కిలోహెర్ట్జ్ మిగులుతుంది. సెకనుకు 150 సెం.మీ. వేగంలో కూడా రెండో ట్రాకు సిగ్నల్ 4.4 కిలోహెర్ట్జ్ దాటదు.

హెడ్ నుంచి బోర్డుకు తీగ 10 సెం.మీ. లోపే ఉండాలి, మెలివేసిన షీల్డు తీగ అయితే మంచిది. హెడ్ లోహపు తొడుగును తప్పకుండా గ్రౌండు చేయండి. పక్కన మిక్సీ, గ్రైండరు తిరిగే చోట దీన్ని వదిలేస్తే కార్డు గీకకుండానే రీడరు ఏదో చదివినట్టు ప్రవర్తిస్తుంది. ఆప్ ఆంప్ ఇన్‌పుట్ దగ్గర ఒక ఈఎస్‌డీ డయోడ్ పెట్టండి, చలికాలంలో వేళ్లనుంచి దూకే నిప్పురవ్వకు అదే కాపలా.

శిఖరాలు పట్టే పని సాఫ్ట్‌వేరుకు వదిలేయండి. సెకనుకు లక్ష శాంపిళ్లు తీసే ఏడీసీ, ఆ శాంపిళ్లను నేరుగా మెమరీలో వేసే డీఎంఏ ఉన్న ఏ మైక్రోకంట్రోలరైనా పనికొస్తుంది. సిగ్నల్ శిఖరం నుంచి వెనక్కి, ఆ శిఖరం ఎత్తులో నాలుగో వంతు మేర దిగితే అది నిజమైన శిఖరం అని తీర్మానించండి. అయితే సమయం మాత్రం తీర్మానించిన క్షణానిది వేయకండి, అసలు గరిష్ఠ శాంపిలుది వేయండి. ఈ ఒక్క మాట మర్చిపోతే బలహీనమైన కార్డుల్లో సమయాలు అటూ ఇటూ జరిగి తప్పులు వస్తాయి. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు 20 మెట్ల లోపు కదలికను పట్టించుకోకండి.

ఆ శిఖరాల మధ్య వ్యవధులే బిట్లు. ప్రతి బిట్టు సరిహద్దులో ఒక మార్పు, అంటే ఒక శిఖరం ఉంటుంది, 1 అయితే మధ్యలో ఇంకోటి ఉంటుంది. సెకనుకు 50 సెం.మీ. దరిదాపుల్లో గీకిన కార్డు మైక్రోసెకన్లలో ఇలా కనిపిస్తుంది:

672, 668, 665, 333, 331, 330, 329, 655, 327, 325, 650

మొదటి మూడూ పొడుగు, అవి 0లు. 333, 331 రెండు అరలు కలిసి ఒక 1. 330, 329 ఇంకో 1. 655 ఒక 0. 327, 325 ఒక 1. 650 ఒక 0. మొదటి మూడు 0లు పక్కన పెడితే 11010, అదే ప్రారంభ గుర్తు. చెయ్యి వేగం అందుకుంటున్న కొద్దీ అంకెలు ఎలా తగ్గుతున్నాయో చూడండి. అందుకే బిట్టు కాలాన్ని స్థిరంగా పెట్టుకోకూడదు. ప్రతి బిట్టు తర్వాత కొత్త కాలం = పాత కాలం + (ఇప్పటిది − పాతది) ÷ 4 అని సవరించండి. వ్యవధి ఆ కాలంలో 0.72 వంతు కంటే తక్కువైతే అర బిట్టుగా లెక్కించండి. అర తర్వాత ఇంకో అర రాకపోతే అక్కడ గీత దెబ్బతిందని అర్థం, ఊహించి పూడ్చకండి.

రెండో ట్రాకులో అక్షరానికి అయిదు బిట్లు: నాలుగు అంకెవి, తక్కువ విలువ బిట్టు ముందు, అయిదోది పారిటీ, 1ల సంఖ్య బేసి కావాలి. ముగింపు గుర్తు 11111, ఆ తర్వాత ఒక తనిఖీ అక్షరం. మొత్తం 40 అక్షరాలకు మించదు. బిట్లన్నీ 32 బైట్లలో పడతాయి కాబట్టి అన్నీ దాచుకుని, ముందునుంచి చదవడం కుదరకపోతే వెనకనుంచి చదవండి. కార్డును కిందినుంచి పైకి గీకినా అప్పుడు పని జరుగుతుంది.

కొత్త బ్యాచ్‌కు కార్డులు రాసేటప్పుడు ఈ వెనక చదువును ఇంకా బాగా వాడుకోవచ్చు. ఎనిమిది అంకెల నంబరు, ఒక చెక్ అంకె, = గుర్తు, మళ్లీ అదే నంబరు, చెక్ అంకె. మొత్తం 19 అక్షరాలే. మధ్యలో గీత చెరిగిపోతే ముందునుంచి మొదటి కాపీ, వెనకనుంచి రెండోది దొరుకుతుంది. అలాంటప్పుడు చివరి తనిఖీ అక్షరం కుదరదు, అందుకే ప్రతి కాపీకీ సొంత చెక్ అంకె. దొరికిన నంబరు మీ జాబితాలో ఉందో లేదో కూడా చూడండి. ఆ కార్డులు 2,750 ఎర్‌స్టెడ్ (గీత చెరిగిపోకుండా తట్టుకునే శక్తికి కొలత) రకం తీసుకోండి. 300 ఎర్‌స్టెడ్ గీత ఫోను కవరు అయస్కాంతానికి, పర్సు బొత్తానికి చెరిగిపోతుంది. చదివే హెడ్‌కు రెండూ ఒకటే, రాసే యంత్రం మాత్రం బలమైన రకానికి తగినది ఉండాలి. బాకీ, డబ్బు లెక్క కార్డు మీద ఎప్పుడూ రాయకండి. ఈ గీతను ఎవరైనా నకలు తీయగలరు, కాబట్టి కార్డులో నంబరు మాత్రమే, తెర మీద విద్యార్థి ఫోటో. న్యూయార్క్ మెట్రోకార్డులో ఒకే గీకుడులో చదివి, మిగిలిన డబ్బును కొత్తగా రాసి, మళ్లీ సరిచూసుకునే ఏర్పాటు ఉండేది. మళ్లీ గీకమని గేటు చెప్పడం ఆ నగరంలో నానుడి అయిందంటే ఆ రాత పనికి చెయ్యి వేగం ఎంత కీలకమో అర్థం చేసుకోవచ్చు.

ఏడీసీ పెట్టమనడానికి అసలు కారణం ఇప్పుడు చెప్తాను. రెడీమేడ్ డీకోడర్ చిప్ చదివాను, చదవలేదు అని మాత్రమే చెప్తుంది. ఏడీసీ ఉంటే హెడ్ ఆరోగ్యం అంకెలో దొరుకుతుంది. శిఖరం ఎత్తు వేగాన్ని బట్టి మారుతుంది, బిట్టు కాలం దానికి విలోమంగా మారుతుంది. కాబట్టి ఎత్తు × కాలం ఎవరు ఎలా గీకినా దాదాపు ఒకటే. కార్డు మొదట్లో ఉండే 0ల మీద ఈ లబ్ధాన్ని లెక్కించి, కొత్త హెడ్‌తో వచ్చిన విలువను 100 అనుకోండి. రోజుకు 2,700 స్వైపుల సగటు రాసిపెట్టుకుంటే ఒక్కో కార్డు తేడాలు అందులో కలిసిపోతాయి. సగటు 60కి పడితే శుభ్రం చేయండి. శుభ్రం చేశాక కూడా లేవకపోతే హెడ్ మార్చే సమయం. 1ల ఎత్తుకూ 0ల ఎత్తుకూ నిష్పత్తి కూడా చూడండి: జిడ్డు 1లను ఎక్కువ తింటుంది. పైన చెప్పిన 0.05 మి.మీ. జిడ్డుకు 1లు 40 శాతం మిగిలితే, 0లు 63 శాతం మిగులుతాయి. నిష్పత్తి పడితే మురికి, నిష్పత్తి అలాగే ఉండి రెండూ పడితే హెడ్.

అరుగుతున్న హెడ్ ఇంకో విచిత్రం చేస్తుంది. గ్యాప్ లోతు తగ్గేకొద్దీ సిగ్నల్ మొదట కొంచెం పెరుగుతుంది, ఆరిపోయే ముందు దీపం ఎగిసినట్టు. గ్యాప్ తెరుచుకున్న రోజు ఒక్కసారిగా పడిపోతుంది. సగటు 110, 115 అని నెమ్మదిగా ఎక్కుతుంటే సంతోషించకండి, కొత్త హెడ్ తెప్పించి పెట్టుకోండి.

శుభ్రానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన క్లీనింగ్ కార్డు, మెస్‌లో అయితే రోజు విడిచి రోజు, రెండు వైపులా అయిదారుసార్లు. చేతికి రాసుకునే శానిటైజరు వద్దు, అందులోని గ్లిసరిన్ పూతలా మిగిలిపోతుంది. థిన్నరు, పెట్రోలు హెడ్‌లోని ఎపాక్సీ జిగురును దెబ్బతీయవచ్చు. ఎమరీ కాగితం సంగతి చెప్పక్కర్లేదు. హెడ్ తర్వాత ఎక్కువగా పోయేది యూఎస్‌బీ తీగ, అది పెట్టెలోకి దూరే చోట. లోపల ఒక క్లాంపుతో బిగించి, బోర్డు కనెక్టరు మీద లాగుడు పడకుండా చూడండి.

కట్టాక పరీక్షకు ఒక సులువైన పద్ధతి ఉంది. మామూలు పారదర్శక సెల్లో టేపు దాదాపు 0.05 మి.మీ. మందం. మంచి కార్డు గీత మీద బుడగలు లేకుండా ఒక పొర అంటించి గీకండి, అది పైన లెక్కేసిన జిడ్డుకు సమానం. ఒక పొరతో నూటికి నూరుసార్లు చదవాలి. రెండు పొరలకు 16 డెసిబెల్స్ పోయి సిగ్నల్ ఆరో వంతు మిగులుతుంది. అప్పుడు కూడా మామూలు వేగంలో ఎక్కువసార్లు చదివితే మీ రీడరుకు మెస్‌లో సరిపడా వెసులుబాటు ఉన్నట్టు. కొన్ని షాపుల్లో చదవని కార్డును పాలిథీన్ కవరులో చుట్టి గీకేది ఇందుకే: గీతలు పడ్డచోట పుట్టే పొట్టి దొంగ శిఖరాలు దూరం పెరిగితే అసలు బిట్ల కంటే ముందే మాయమవుతాయి. టేపు లేని కార్డు చదవక, టేపు వేసిన కార్డు చదివితే మీ కోడులో శిఖరాల పరిమితి మరీ తక్కువగా ఉందని అర్థం. నాలుగో వంతును మూడో వంతుకు పెంచి చూడండి.